గోడ మీది పెట్టెకు కాపలా ఎవరు?

దేశ రక్షణ అనగానే మన చర్చ రఫేల్ మీదికో, ఎస్-400 మీదికో, లద్దాఖ్ శిఖరాల మీదికో పోతుంది. తప్పేమీ కాదు. కానీ సైన్యంలో సిగ్నల్స్ కోర్‌లో పనిచేసి రిటైరైన నాలాంటివాడి కళ్లు వేరేచోట పడతాయి. ఆసుపత్రి మెట్ల కింద, ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల బీరువా పక్కన, బ్యాంకు శాఖలో పైకప్పుకు దగ్గరగా, దుమ్ము పట్టి, పచ్చదీపాలు మిణుకుమనే ఒక పెట్టె ఉంటుంది. పదహారో ఇరవైనాలుగో రంధ్రాలు, వాటి నిండా నీలం తీగలు. అదే ఈథర్‌నెట్ స్విచ్. భవనంలోని ప్రతి కంప్యూటరూ, ప్రతి కెమెరా, ప్రతి సర్వరూ ఒకదానితో ఒకటి మాట్లాడేది దాని ద్వారానే. దాన్ని ఎవరు కొన్నారో స్టోర్స్ రిజిస్టరులో దొరుకుతుంది. ఎవరు చూసుకుంటున్నారని అడిగితే మాత్రం జవాబు దొరకదు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు స్తంభించాయి. దేశంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒకటి రోజుల తరబడి కాగితం, కలంతో నడిచింది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు తాళం వేసేశారు. ఆ తర్వాత ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో చెప్పిన ప్రాథమిక కారణాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం వల్ల ఈ చొరబాటు సాధ్యమైందన్నది దాని సారాంశం. ఒక గదిలో అంటుకున్న నిప్పు మరో గదికి పాకకుండా మధ్యలో తలుపు వేసే పని చేయాల్సిన పరికరాల్లో మొట్టమొదటిది ఈ స్విచ్చే. ఆ తలుపు లేదో, ఉండీ తెరిచే ఉందో! రెండూ ఒకటే.

ఇది సాంకేతిక నిపుణుల గొడవ, మనకెందుకని పాఠకులు పేజీ తిప్పేయకుండా ఒక పోలిక చెబుతాను. ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్ అకాడమీల్లో శిక్షణ ముగించుకుని మేం యూనిట్లకు వచ్చేనాటికి ఫీల్డ్ ఎక్స్ఛేంజీలో చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్న జవానే స్విచ్. బెటాలియన్ నుంచి బ్రిగేడుకు కాల్ వస్తే తీగ తీసి గుచ్చేవాడు. అతనికి గొంతులు తెలుసు. కొత్త గొంతు వినిపిస్తే పేరు అడిగేవాడు, అనుమానం వస్తే కలిపేవాడు కాదు. ఫ్లాష్, ఇమీడియట్, ప్రయారిటీ, రొటీన్ అని సందేశాలకు నాలుగు మెట్లుండేవి. ఫ్లాష్ వస్తే మిగతావన్నీ పక్కకు తప్పుకోవాల్సిందే. ఏ కాల్ ఎప్పుడు, ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్లిందో రాసిపెట్టుకునేవాడు. దారి చూపడం, గుర్తుపట్టడం, వరస పెట్టడం, రాసిపెట్టడం అనే ఈ నాలుగు పనుల్లో మొదటిది చేసే స్విచ్ బజారులో ఎక్కడైనా దొరుకుతుంది. మిగతా మూడూ చేసేదానికి కొంచెం ఎక్కువ డబ్బు పెట్టాలి. మన టెండర్లు మొదటి పని దగ్గరే ఆగిపోతున్నాయన్నదే నా ఫిర్యాదు.

ఈథర్‌నెట్ 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో పుట్టింది. మొదట్లో అది ఊరంతటికీ ఒకే లైను ఉన్న టెలిఫోను లాంటిది. ఒకరు మాట్లాడితే అందరికీ వినిపించేది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అర్థమయ్యేది కాదు. ఎవరి మాటను వారికే చేర్చే బహుళ పోర్టుల స్విచ్‌ను 1990లో మార్కెట్లోకి తెచ్చింది కల్పన అనే కంపెనీ. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ మరొకరితో కలిసి సిలికాన్ వ్యాలీలో స్థాపించిన ఆ సంస్థకు తన భార్య పేరే పెట్టుకున్నారు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. ప్రపంచానికి ఈ పెట్టెను ఇచ్చినవాళ్లలో మనవాడొకడున్నాడన్నది సంతోషమే. మూడు దశాబ్దాలు దాటినా మనకు దాన్ని అడిగి కొనుక్కోవడం రాకపోవడం అంత సంతోషం కాదు.

దుకాణంలో స్విచ్ గురించి అడిగితే చెప్పేవన్నీ వేగం లెక్కలే. ఇరవైనాలుగు గిగాబిట్ పోర్టులున్న స్విచ్‌కు సామర్థ్యం 48 గిగాబిట్లని రాస్తారు. రెండు దిశల్లోనూ ఒకేసారి వెళ్లే సమాచారాన్ని కలిపి వేసిన లెక్క అది. సెకనుకు 3.57 కోట్ల ప్యాకెట్లు అని మరో అంకె ఉంటుంది. అతి చిన్న ప్యాకెట్ 64 బైట్లు, దానికి ముందూ వెనకా విరామం 20 బైట్లు అనుకుంటే ఒక గిగాబిట్ పోర్టులో సెకనుకు 14,88,095 ప్యాకెట్లు పడతాయి. దాన్ని ఇరవైనాలుగుతో గుణిస్తే వచ్చేదే ఈ అంకె. ఇందులో మాయ లేదు, అబద్ధమూ లేదు. కానీ ఒక నిఘా కెమెరాకు సాధారణంగా కావలసింది సెకనుకు నాలుగైదు మెగాబిట్లు. పదహారు కెమెరాలు కలిసినా ఒక పోర్టు సామర్థ్యంలో పదో వంతు దాటదు. మామూలు కార్యాలయంలో స్విచ్ నెమ్మదించడం అరుదు. ఇబ్బంది వచ్చేది ఇరవై పోర్టుల రద్దీ అంతా పై అంతస్తుకు వెళ్లే ఒక్క లైనులోకి ఇరుక్కున్నప్పుడు. ఆ ఇరుకులో ముందుగా వెళ్లాల్సింది ఏదో చెప్పడానికి ఎనిమిది మెట్ల ప్రాధాన్య పద్ధతి ఉంది. మా నాలుగు మెట్లకు రెట్టింపు. కొన్నచోట దాన్ని వాడుకుంటున్నవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

అసలు సంగతి నిర్వహణలో ఉంది. నిర్వహించదగిన స్విచ్‌లో ఒకే పెట్టెను అనేక వేర్వేరు పెట్టెలుగా విడగొట్టవచ్చు. వీలాన్ అంటారు దీన్ని. ప్రమాణం ప్రకారం 4,094 విభాగాల దాకా అవకాశం ఉంది. ఖాతాల విభాగం ఒకచోట, కెమెరాలు ఇంకోచోట, అతిథుల వైఫై మరోచోట పెట్టి, ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి వెళ్లాలంటే గేటు దగ్గర అడిగి వెళ్లేలా చేయవచ్చు. గోడకున్న ఖాళీ సాకెట్లో ఎవరైనా ల్యాప్‌టాప్ గుచ్చితే ముందు గుర్తింపు అడిగే పద్ధతి ఉంది, పేరు 802.1ఎక్స్. ఒక పోర్టులో ఎన్ని యంత్రాలు కనబడవచ్చో హద్దు పెట్టవచ్చు. ఇది చాదస్తం కాదు. స్విచ్ తన జ్ఞాపకంలో ఏ యంత్రం ఏ పోర్టులో ఉందో రాసుకుంటుంది. ఆ పట్టికకు పరిమితి ఉంటుంది, చిన్నవాటిలో కొన్ని వేల పేర్లే పడతాయి. దొంగ పేర్లు కుప్పలుగా పంపి పట్టిక నింపేస్తే, చోటు దొరకని అసలు యంత్రాలకు రావలసిన మాటను స్విచ్ అందరికీ వినిపిస్తుంది. అంటే మళ్లీ 1973 నాటి ఉమ్మడి లైనే. పక్కన కూర్చుని వినేవాడికి అంతకంటే ఏం కావాలి?

శత్రువు లేకుండానే కూలిన నెట్‌వర్క్‌లూ ఉన్నాయి. ఒకే తీగ రెండు కొసలూ పొరబాటున నెట్‌వర్క్‌లో రెండుచోట్ల గుచ్చితే ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోయి, కొద్ది క్షణాల్లోనే అంతా ఆగిపోతుంది. దీన్ని అడ్డుకునే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మాన్ అనే ఇంజనీరు రూపొందించారు. దాన్ని కూడా పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకోనెస్ వైద్యకేంద్రం చూపించింది. ఒక స్విచ్ పక్కన ఇంకో స్విచ్ చేర్చుకుంటూ పోయిన ఆ నెట్‌వర్క్, ఆ పద్ధతి తట్టుకోగల హద్దును దాటేసింది. ఒక పరిశోధకుడి సమాచార ప్రవాహం దానికి తోడైంది. హార్వర్డ్ అనుబంధ ఆసుపత్రి నాలుగు రోజులు కాగితాల మీద నడిచింది. హ్యాకర్ లేడు, వైరస్ లేదు. ఆ ఆసుపత్రి సమాచార విభాగాధిపతి జరిగినదంతా దాచకుండా బయటపెట్టారు కాబట్టి ప్రపంచానికి పాఠం దొరికింది. మన సంస్థల్లో ఇలాంటివి సర్వర్ డౌన్ అనే రెండు మాటలతో ముగిసిపోతాయి.

ఇక మా ఊరి సంగతి. సాకచీకి దగ్గర్లోని భాలుబాసాలో ఉంటాను. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామందిలాగే మా కుటుంబమూ ఉత్తరాంధ్ర నుంచి కంపెనీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే వేళ్లూనుకుంది. ఊరికి 1919లో జంషెడ్‌జీ పేరు పెట్టక ముందు స్టేషను పేరు కాలిమాటి. ఈ నగరానికీ సైన్యానికీ బంధం పాతది. రెండో ప్రపంచయుద్ధంలో భారతదేశంలో తయారై ఎడారుల్లో, బర్మా దారుల్లో తిరిగిన ఒక సాయుధ వాహనాన్ని సైనికులు టాటానగర్ అనే పిలిచేవారు. కవచపు ఉక్కు ఇక్కడిది, పైతొడుగు మన రైల్వే వర్క్‌షాపులది, ఛాసిస్ మాత్రం ఫోర్డ్ కెనడాది. ఈ ఛాసిస్ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

మా వీధిలోని ఒక తెలుగు కుటుంబం ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపు నడుపుతోంది. ఒక పెద్ద సంస్థకు విడిభాగాలు చేసిపెడతారు. వాటిలో కొన్ని రక్షణ ఉత్పత్తుల్లోకి వెళ్తాయని వినికిడి. ఆ కుర్రాడు, ఇప్పుడు కుర్రాడేమీ కాదు, ముప్పై దాటాయి, ఒకసారి నన్ను తీసుకెళ్లి చూపించాడు. గోడ మీద ఇరవైనాలుగు పోర్టుల స్విచ్ ఒకటి. రెండు సీఎన్‌సీ యంత్రాలు, డ్రాయింగులుండే కంప్యూటరు, జీఎస్టీ బిల్లుల కంప్యూటరు, ఎనిమిది కెమెరాలు, వచ్చేపోయేవాళ్లు వాడుకునే వైఫై, అన్నీ అందులోనే.

"దీని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందిరా?" అన్నాను.

"దీనికి పాస్‌వర్డ్ ఏముంటుంది మావయ్యగారూ, ప్లగ్గు పెడితే చాలు. స్పీడు కూడా బాగానే ఉంది కదా!"

నిజమే, బాగానే ఉంది. లోడు తెచ్చిన లారీ డ్రైవరు ఫోనుకూ, పెద్ద సంస్థ నమ్మి ఇచ్చిన డ్రాయింగుకూ మధ్య అంతే వేగం ఉంది. ఆ ఇంజనీరింగు సంస్థ తన గేటు దగ్గర వచ్చినవాళ్లందరి ఫోన్లూ తీసిపెట్టుకుంటుంది. కానీ డ్రాయింగును మాత్రం ఈమెయిల్‌లో గోడలేని ఇంటికి పంపుతుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, నిర్వహించదగిన స్విచ్ ఒకటి తెప్పించి, నాలుగు విభాగాలుగా చేశాం. విభాగాల మధ్య ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లవచ్చో రూటరులో నియమాలు రాశాం. ఖాళీ పోర్టులన్నీ మూసేశాం. అందుకైన ఖర్చు ఆ యంత్రాలకు ఏడాది పొడవునా కొనే కటింగ్ టూల్స్ ఖర్చులో చిన్న ముక్క. ఇది పెద్ద ఘనకార్యమేమీ కాదు. ఒక రిటైరైన కర్నల్ పక్కింట్లో ఉంటే తప్ప జరగకపోవడమే విచిత్రం.

ఉక్కు నగరంలో ఉంటూ ఈ భయం ఊహ అనుకోవడానికి వీల్లేదు. జర్మనీ సమాచార భద్రతా సంస్థ 2014 నివేదికలో, పేరు చెప్పకుండా, ఒక ఉక్కు కర్మాగారం మీద జరిగిన దాడిని వివరించింది. దొంగ ఈమెయిల్‌తో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దూరినవాళ్లు అక్కణ్నుంచి ఉత్పత్తి నెట్‌వర్క్‌లోకి జొరబడ్డారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను పద్ధతి ప్రకారం ఆపలేని స్థితి వచ్చి భారీ నష్టం జరిగింది. 2022 జూన్‌లో ఇరాన్‌లోని ఖూజెస్తాన్ ఉక్కు కర్మాగారం సహా మూడు ఉక్కు సంస్థల మీద దాడి చేశామని ఒక ముఠా ప్రకటించుకుని, ఫ్యాక్టరీ లోపలి మంటల వీడియో కూడా పెట్టింది. దాడిని తిప్పికొట్టామని ఖూజెస్తాన్ సంస్థ అంది. ఏది ఎంత నిజమన్నది పక్కన పెట్టినా, ఫర్నేస్ దగ్గర నిలబడి పనిచేసే మనిషికి ఇది కంప్యూటర్ సమస్య కాదు, ప్రాణ సమస్య. ఇందుకు ఎదురుగా మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం పరిపాలనా నెట్‌వర్క్‌కు చెందిన ఒక కంప్యూటరులో మాల్‌వేర్ దొరికింది. ప్లాంటును నడిపే వ్యవస్థలు దాని నుంచి విడిగా ఉన్నందువల్ల అక్కడికి చేరలేదని అణువిద్యుత్ సంస్థ ప్రకటించింది. మొదట అసలేమీ జరగలేదన్నట్టు మాట్లాడి మర్నాడు ఒప్పుకున్న తీరు నాకు నచ్చలేదు. అయినా విభజన విలువేమిటో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అయితే నిర్వహించదగిన స్విచ్ కొంటే చాలు, నిశ్చింత అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. నిర్వహణ కోసం పెట్టిన తలుపులోంచే దొంగ కూడా వస్తాడు. 2017 మార్చిలో వికీలీక్స్ బయటపెట్టిన సీఐఏ పత్రాలను పరిశీలించుకున్న సిస్కో, మూడు వందలకు పైగా స్విచ్ మోడళ్లలో టెల్నెట్ ద్వారా పూర్తి అధికారం చేజిక్కించుకునే లోపం ఉందని ప్రకటించాల్సి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో, అదే సంస్థ స్విచ్‌లలో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సౌకర్యాన్ని వాడుకుని ఇరాన్‌లో దాదాపు 3,500 స్విచ్‌లను కొట్టారు. తెర మీద అమెరికా జెండా, మా ఎన్నికల జోలికి రావద్దన్న బెదిరింపు. కొత్త స్విచ్‌ను దూరం నుంచే సులువుగా అమర్చుకోవడానికి పెట్టిన సౌకర్యమది. కొన్నవాళ్లు వాడలేదు, ఆపనూ లేదు. లోపాన్ని సరిచేసే ప్యాచ్ అప్పటికే వచ్చింది, వేసుకోలేదు. ఇందులో అసలు వింత ఏమిటంటే, రష్యా గూఢచార సంస్థతో సంబంధమున్నవాళ్లు అదే 2018 నాటి లోపాన్ని ఇంకా వాడుకుంటున్నారని ఎఫ్‌బీఐ హెచ్చరించింది 2025 ఆగస్టులో! ఏడేళ్ల నాటి కన్నం ఏడేళ్లూ తెరిచే ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌తోనే నడిచే నిర్వహించదగిన స్విచ్ కంటే ఏమీ తెలియని మొద్దు స్విచ్చే నయమని నేనంటే అతిశయోక్తి అనుకోకండి.

ప్రభుత్వం నిద్రపోతోందని అనను. టెలికాం రంగంలో నమ్మదగిన వనరుల నుంచే పరికరాలు కొనాలన్న జాతీయ భద్రతా ఆదేశాన్ని 2020 డిసెంబరులో కేబినెట్ భద్రతా కమిటీ ఆమోదించగా, 2021 జూన్ 15 నుంచి అమలైంది. నిఘా కెమెరాలకు భద్రతా పరీక్షలు 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. టెలికాం పరికరాలకు తప్పనిసరి పరీక్షల విధానమూ ఉంది. కానీ మొదటి ఆదేశం కట్టడి చేసేది టెలికాం లైసెన్సుదారులను, ఆసుపత్రినో వర్క్‌షాపునో కాదు. మిగతా పరీక్షలు చూసేది బజారులోకి వచ్చే వస్తువును. గోడకు బిగించాక దాన్ని ఎలా నడుపుతున్నారో చూసేవాళ్లు లేరు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి. లాగే రాయని స్విచ్‌లు కొనిపెట్టి 180 రోజుల లాగ్ దాచమంటే, రిజిస్టరు ఇవ్వకుండా సెంట్రీని డ్యూటీలో నిలబెట్టినట్టే.

కొత్తగా వినిపిస్తున్న పరిష్కారం స్వదేశీ. నేనూ స్వదేశీ పక్షమే. టాటా గ్రూపు 2021లో బెంగళూరు తేజస్ నెట్‌వర్క్స్‌ను చేతిలోకి తీసుకోవడం మంచి పరిణామం. సీ-డాట్, భారత్ ఎలక్ట్రానిక్స్ వంటి ప్రభుత్వ సంస్థలకు ఈ రంగంలో అనుభవం ఉంది. అయితే భారత్‌లో తయారీ అన్న స్టిక్కరు చూసి సంబరపడేవాళ్లకు టాటానగర్ వాహనం ఛాసిస్‌ను గుర్తుచేస్తాను. స్విచ్ లోపలి ప్రధాన చిప్ ఎక్కువగా బ్రాడ్‌కామ్, మార్వెల్, రియల్‌టెక్ లాంటి విదేశీ కంపెనీలదే. అది వెంటనే మారేది కాదు. మన చేతిలోకి ఇప్పుడే తెచ్చుకోదగినది సాఫ్ట్‌వేర్. దాన్ని ఎవరు రాశారు, ఎవరి డిజిటల్ సంతకం లేకుండా అది పెట్టెలోకి ఎక్కదు, లోపం దొరికితే ఎన్ని రోజుల్లో సరిచేస్తారు అన్న ప్రశ్నలకు జవాబు లేని స్వదేశీ స్విచ్ కంటే, జవాబున్న విదేశీ స్విచ్‌నే ఎంచుకుంటాను. నా పాత సహచరులు కొందరికి ఈ మాట రుచించదని తెలుసు.

నిషేధాల కంటే కొనుగోలు కాగితంలో నాలుగు వాక్యాలు ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం. ప్రభుత్వ ఆసుపత్రి, కలెక్టరేటు, విద్యుత్ సబ్‌స్టేషన్, రక్షణ సరఫరాదారు ఎవరైనా సరే, మొదటిసారి ఆన్ చేసినప్పుడే పాస్‌వర్డ్ మార్చమని పట్టుబట్టని స్విచ్‌ను తీసుకోకూడదు. టెల్నెట్, పాత ఎస్‌ఎన్‌ఎంపీ వంటి, రహస్యాన్ని బహిరంగంగా మోసుకెళ్లే దారులు మూసి ఉండాలి. ఎస్‌ఎస్‌హెచ్, ఎస్‌ఎన్‌ఎంపీ మూడో వెర్షను మాత్రమే తెరవాలి. రక్షణ సంస్థల వరకు ఇంకో అడుగు వేయాలి. డ్రాయింగు పంపే ముందు సరఫరాదారు వర్క్‌షాపుకు మనిషిని పంపి ఆ గోడ మీది పెట్టెను చూసిరమ్మనాలి. చిన్న పరిశ్రమకు భారమైతే ఆ ఖర్చును ఆర్డరు ధరలో కలిపి ఇవ్వాలి. కొలతల్లో మైక్రాన్ తేడా వస్తే భాగాన్ని తిప్పి పంపే తనిఖీ విభాగాలు మన దగ్గర ఉన్నాయి. అదే తనిఖీ పట్టికలో ఇంకో గడి చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

మనుషుల సంగతి అన్నిటికంటే కష్టం. చాలా ప్రభుత్వ కార్యాలయాల్లో నెట్‌వర్క్ చూసేది అవుట్‌సోర్సింగ్ కుర్రాడు. ఏజెన్సీ మారితే అతనూ మారతాడు, పాస్‌వర్డ్ అతనితోనే పోతుంది. స్విచ్ పాడైతేనే అతన్ని పిలుస్తారు, బాగుంటే అతని అవసరం ఎవరికీ గుర్తురాదు. సిగ్నల్స్ కోర్ నుంచి ఏటా రిటైరయ్యే జేసీవోలు, హవల్దార్లలో ఈ పని చేతివేళ్ల మీద ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. నలభై ఏళ్లకే బయటికి వచ్చి బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చుంటున్నారు. బ్యాంకు లోపల, పైకప్పు కింద మిణుకుమంటున్న పెట్టెను వాళ్లకు అప్పగించవచ్చు. జిల్లాకు ఇద్దరు ముగ్గురైనా చాలు, కానీ పోస్టుకు పేరు, జీతం, బాధ్యత రాసి ఉండాలి.

టెండరులో చేర్చాల్సిన వాక్యాల్లో నాలుగోది చెప్పలేదు. స్విచ్‌తోపాటు తయారీదారు ఒక తేదీ రాసివ్వాలి, భద్రతా ప్యాచ్‌లు ఏ రోజు దాకా ఇస్తారో. ఆ తేదీ పెట్టె మీదే అంటించాలి, మందుసీసా మీద ఉన్నట్టు. ఆ రోజు దాటాక పచ్చదీపం ఎంత చక్కగా వెలుగుతున్నా దాన్ని గోడ మీంచి దించేయాలి.